అద్దం అవతలి గొంతు

చెవిలో ఉన్నట్టుండి ఒక మగగొంతు "హలో" అనేసరికి గువ్వ కెవ్వున కేక పెట్టింది.

ఆ కేకకి, ఎదురుగా బొమ్మలు ముందేసుకుని కూర్చున్న ఏడేళ్ల పాప బెదిరిపోయి బల్ల కిందకి దూరింది. మూల కుర్చీలో ఉన్న పాప అమ్మమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"సారీ, సారీ!" అంది చెవిలో గొంతు. "వినబడుతోందో లేదో చూద్దామని అన్నాను. మీరు జవాబు చెప్పకండి. నా మాట మీకొక్కరికే వినిపిస్తుంది. మీ మాట మాత్రం గది మొత్తానికీ వినిపిస్తుంది."

గువ్వ చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంది. ఆ గదికి ఒకవైపు గోడంతా అద్దం. ఇటునుంచి చూస్తే అద్దం, అటునుంచి చూస్తే కిటికీ. అవతల చీకటిగదిలో ఒక సీనియర్ ట్రైనీ కూర్చుని, ఇక్కడ జరిగేదంతా చూస్తూ, ఏం చేయాలో మైకులో చెబుతుంటాడు. ఆ సంగతి అమ్మమ్మకి ముందే చెప్పి ఒప్పించారు. పిల్లలకయితే మొదటిరోజే ఆ గదిలోకి తీసుకెళ్లి, అక్కడెవరుంటారో చూపించాలన్నది క్లినిక్ పద్ధతి.

పిల్లల, కుటుంబాల సైకాలజీలో గువ్వ డాక్టరేట్ చేస్తోంది. పుస్తకాల్లో భయాల గురించి ఎంత చదివిందో లెక్కలేదు. తన భయాన్ని మాత్రం ఏ పుస్తకమూ కదిలించలేకపోయింది. చిన్నప్పుడు తలుపు చప్పుడైనా ఎగిరిపడేదని నాన్న పెట్టిన ముద్దుపేరు గువ్వ. అది ఆమెతో పాటే పెరిగి పెద్దదై, అక్క నోటి మీదుగా కాలేజీకీ, అక్కణ్ణుంచి ఈ క్లినిక్‌కీ వచ్చేసింది.

ట్రైనింగ్‌లో ఆమె మొదటి కేసు దారుణంగా చెడింది. భార్యాభర్తలు పోట్లాడుకుంటూ వచ్చారు. మధ్యలో భర్త లేచి నిలబడి బల్ల చరిచాడు. అంతే, గువ్వ నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఆమెను శిక్షణలో చూసే పెద్ద మేడమ్ తలుపు తోసుకుని వచ్చేవరకూ అలాగే బొమ్మలా కూర్చుండిపోయింది.

"భయం అందరికీ ఉంటుందమ్మాయ్," అన్నారు మేడమ్ తర్వాత. "నువ్వు భయపడితే మాత్రం గదిలో ఉండి కూడా లేనట్టే అయిపోతావు. ఈసారి కూడా అలాగే అయితే, ఈ ఏడాదికి నీ ట్రైనింగ్ ఆపేయక తప్పదు."

ఈసారి అంటే ఇదే. ఈ పాపే.

ఇంట్లో వసపిట్ట, గుమ్మం దాటితే మూగది. బడిలో చేరినప్పటినుంచి టీచరుతో గానీ తోటిపిల్లలతో గానీ ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మానాన్నలిద్దరూ ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు కాబట్టి అమ్మమ్మ తీసుకొచ్చింది. "దీని నోరు తాళం వేసినట్టు అయిపోతుందమ్మా బయటికొస్తే. మొండితనం కాదు. భయం. నాకు తెలుసు," అంది.

గువ్వ మోకాళ్ల మీద వంగి బల్ల కిందకి చూసింది. "నీ పేరేంటి? ఏ క్లాసు? నీకే రంగంటే ఇష్టం?"

"ప్రశ్నలు ఆపండి," అంది గొంతు. "మాట్లాడలేకే కదా ఆ పిల్ల ఇక్కడికొచ్చింది? మీరలా పోలీసాయనలా అడిగితే ఇంకా లోపలికి పోతుంది."

గువ్వకి ఒళ్లు మండింది. భయంలో కోపం కలిస్తే ఆమెకి కాస్త ధైర్యం వస్తుంది. నేల మీదున్న గుడ్డ ఏనుగుని చేతిలోకి తీసుకుని దాని మొహంలోకి చూస్తూ, "ఈ ఏనుగు కాసేపు నోరు మూసుకుంటే ఎంత బాగుంటుందో!" అంది.

చెవిలో ఏదో కిందపడిన చప్పుడు. తర్వాత కిసుక్కున నవ్వు.

"ఏనుగుకి అర్థమైందండీ. మూసుకుంటోంది. మూసుకునే ముందు ఒక్కమాట. ఊరికే పక్కన కూర్చోండి. ఆ పిల్ల ఏం చేస్తే అది పైకి చెప్పండి. చాలు."

గువ్వ నేల మీద చతికిలబడింది. ఏనుగుని బల్ల అంచున పెట్టింది. కాసేపటికి కింద నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఏనుగుని లాక్కుపోయింది.

"ఏనుగు బల్ల కిందకి వెళ్లింది," అంది గువ్వ. తన గొంతు వణుకుతోందని ఆమెకే తెలుస్తోంది. "ఇప్పుడు ఏనుగుని లారీ ఎక్కించారు. లారీ బరువుగా కదులుతోంది."

"సెబాసు!" అంది చెవిలో గొంతు, మెల్లగా. "అద్దం వెనక గది ఇవాళే చూపించాలి. కానీ ఇప్పుడు కదిలిస్తే ఏడుస్తుంది. వచ్చేవారం చూపిద్దాం లెండి."

గువ్వకి ప్రాణం లేచి వచ్చింది. కదిలించడం తనకీ భయమే మరి.

సెషన్ అయ్యాక ఆ గొంతు మనిషిని చూడాలని గువ్వ వరండాలో నిలబడింది. చీకటిగది తలుపు తెరుచుకుని ఒక పొడుగాటి మనిషి బయటికొచ్చాడు. కళ్లద్దాలు, దువ్వెన మొహం చూడని జుట్టు.

"ఏనుగుగారు మీరేనా?" అంది గువ్వ నవ్వుతూ.

అతను పాలిపోయాడు. ఫోన్ తీసి అందులోకి చూశాడు. "ఆ... అవును... మీటింగుంది," అని గొణిగి, గోడవారనున్న ఇసక బకెట్‌ని తన్నుకుని, కుంటుతూ వెళ్లిపోయాడు.

నవ్విన మొహం నవ్వినట్టే ఉండిపోయింది గువ్వకి.

"ఎంత పొగరు!" అంది ఇంటికెళ్లి అక్కతో. అమ్మానాన్నలు దూరంగా ఉంటారు. ఈ ఊళ్లో ఆమెకి అక్కే అమ్మ, అక్కే నాన్న. ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని నాలుగు వీధులకి బట్టలు కుడుతుంది. "చెవిలో అయితే గంటసేపు వాగుతాడు. ఎదురుపడితే మనం మనుషులమే కాదు. రేడియో! అటునుంచి చెప్పడమే గానీ, ఇటునుంచి చెప్పేది వినడు."

"సిగ్గేమోనే," అంది అక్క మిషన్ తొక్కుతూ.

"సిగ్గా? అతనికా?"

"మరి పొగరున్నవాడు బకెట్ తన్నుకుంటాడా?"

అక్కకేం తెలుసు, అనుకుంది గువ్వ. ఆ రోజు నుంచి మనసులో అతనికి రేడియో అన్న పేరే ఖాయం చేసేసింది.

వారాలు గడిచాయి. పాప ముందు ఆ గదిలో అమ్మమ్మ చెవిలో గుసగుసలాడింది. తర్వాత గువ్వ తలుపు దగ్గరుంటే అమ్మమ్మతో పైకే మాట్లాడింది. గువ్వ వారానికి కాస్త దగ్గరగా జరుగుతూ వచ్చింది. ఒకరోజు ఆమె పక్కనే ఉండగా పాప అమ్మమ్మతో "ఏనుక్కి జ్వరం" అంది. చెవిలో రేడియో కుర్చీలోంచి లేచిన చప్పుడు కూడా వినిపించింది.

"కదలకండి! మొహంలో ఏమీ చూపించకండి. లోపల గంతులేయండి కావాలంటే," అన్నాడు.

గువ్వ ఏనుగు నుదుటి మీద చెయ్యి పెట్టి, "మందు వేశాం కదా, తగ్గిపోతుంది," అంది. ఆ మాట పాపకో, చెవిలోని మనిషికో తేల్చి చెప్పడం కష్టం.

ఇప్పుడు ఆ గొంతు లేకపోతే ఆ గదిలో అడుగు పెట్టలేనన్నంత అలవాటైపోయింది. అతను జోకులేస్తాడు. ఆమె చేతులు వణికితే, "చేతులు ఒళ్లో పెట్టుకోండి, ఎవరూ చూడట్లేదు. నేను తప్ప," అంటాడు. వాన పడే రోజుల్లో, "గొడుగు తెచ్చారా?" అని అడిగి, "సారీ, అది సెషన్‌కి సంబంధించిన ప్రశ్న కాదు," అంటాడు. వరండాలో ఎదురుపడితే మళ్లీ ఫోన్‌లో తల. ఏది నిజం? ఆ గొంతా, ఈ మనిషా?

ఒక్క విషయం మాత్రం గువ్వకి అంతుపట్టలేదు. పాప ఎప్పుడూ అద్దానికి వీపు పెట్టే కూర్చునేది. పొరపాటున అటు తిరిగితే బల్ల చాటుకి జరిగేది.

"ఇంట్లో అయితే అద్దం ముందు నుంచి లాక్కురావాలమ్మా," అంది అమ్మమ్మ. "ఇక్కడే ఎందుకో మరి."

అద్దం వెనక గది చూపించాలన్న మాట గువ్వకి గుర్తుకు రాకపోలేదు. పాప కుదురుకుంటోంది, ఇప్పుడు కదిపితే కట్టిందంతా కూలిపోతుందేమోనని వాయిదా వేస్తూ వచ్చింది. రేడియో కూడా ఎత్తలేదు.

పాపని అమ్మమ్మ లేకుండా గదిలో ఉంచే రోజు రానేవచ్చింది. ఆ పొద్దున ఏదో అడగాలని గువ్వ మేడమ్ గది దాకా వెళ్లింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల రేడియో గొంతు.

"ఆ కేసులో నేనుండలేను మేడమ్. ఆమెకి వేరేవాళ్లని పెట్టండి."

"కారణం?"

"ఆమెతో... నావల్ల కావట్లేదు."

గువ్వ కాళ్ల కింద నేల కదిలింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ చెవిలో నవ్వినవాడు తన చేతకానితనాన్ని లెక్కేసుకుంటూ కూర్చున్నాడన్నమాట. ఇవాళ మేడమ్‌కి అప్పజెప్పేశాడు. ఇంక తన ట్రైనింగ్ పోయినట్టే.

మధ్యాహ్నం సెషన్ మొదలయ్యేసరికి ఆకాశం నల్లగా కమ్ముకుంది. అమ్మమ్మ పాప తల నిమిరి, హాల్లో కూర్చుంటానని చెప్పి వెళ్లింది. తలుపు మూసుకుంది. పాప గుడ్డ ఏనుగుని గట్టిగా పట్టుకుంది.

"మొదలుపెట్టండి," అన్నాడు రేడియో. అంతే. నవ్వు లేదు, జోకు లేదు.

ఇది ఆఖరి సెషన్ కాబోలు అనుకుంది గువ్వ. "ఏనుగు... ఏనుగు ఇవాళ..."

పైకప్పు అదిరేలా ఉరిమింది. కరెంటు పోయింది.

ఆ గదికి కిటికీలు లేవు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. ఆ చీకటిలో, ఎదురుగా అద్దం మెల్లగా వెలిగింది.

అవతలి గదిలో లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. ఇటు వెలుగు పోయి అటు మాత్రం మిగిలేసరికి అద్దం కిటికీ అయిపోయింది. కింది నుంచి నీలం వెలుగు పడి, గాలిలో వేలాడుతున్నట్టు ఒక మొహం. కళ్లుండాల్సిన చోట రెండు తెల్లని గుండ్రాలు. ఆ మొహం నోరు తెరిచింది.

అది రేడియో అని, అవి అతని కళ్లద్దాలని గువ్వకి తెలుసు. తెలిసినా ఆమె ఒళ్లంతా చల్లబడింది. చెవిలో అతను ఏదో అరుస్తున్నాడు. ఆమె కాళ్లు కదలలేదు. నోరు పెగల్లేదు. మొదటి కేసులో బిగుసుకుపోయినట్టే బిగుసుకుపోయింది.

చిన్న పాదాలు పరిగెత్తిన చప్పుడు. తలుపు ధడాలున కొట్టుకుంది.

జనరేటర్ మోగి లైట్లు వచ్చేసరికి ఏనుగు నేల మీద పడి ఉంది. పాప లేదు.

వరండాలో లేదు. హాల్లోకి పరిగెత్తింది గువ్వ. అమ్మమ్మ లేచి నిలబడింది.

"ఏంటమ్మా, అప్పుడే అయిపోయిందా? పాపేదీ?"

వాన కోసం తలదాచుకోడానికి జనం లోపలికి తోసుకొస్తున్నారు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపుకవతల మెట్లు, మెట్లకవతల గేటు, గేటుకవతల బస్సులు తిరిగే రోడ్డు. చిన్నపిల్ల బయటికెళ్లడం చూశారా అంటే ఒకరు చూశామన్నారు, ఒకరు లేదన్నారు.

"పాపేదమ్మా?" అమ్మమ్మ గొంతు మారిపోయింది.

"భయపడి పరిగెత్తిందండీ. ఎటు వెళ్లిందో నేను చూడలేదు," అంది గువ్వ. ఆ మాట చెప్పడానికి ఒంట్లో ఉన్న ఊపిరంతా ఖర్చయిపోయింది.

వెనకనుంచి రేడియో వచ్చాడు. మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూసి మాట్లాడాడు. "మీరు లోపల వెతకండి. రోడ్డు నేను చూస్తాను." గొడుగైనా లేకుండా వానలోకి దూకాడు.

గువ్వ బాత్రూములు చూసింది. డాక్టర్ల గదులు చూసింది. బల్లల కింద, పరదాల వెనక చూసింది. బయట బస్సు హారన్ మోగినప్పుడల్లా ఆమె గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది. థెరపీ గది ముందు పాప చెప్పులు అలాగే ఉన్నాయి. వట్టికాళ్లతో వానలో, ఆ రోడ్డు మీద...

'ఆగు,' అనుకుంది. భయమేసినవాళ్లు ఎటు వెళ్తారు? తనైతే ఎటు వెళ్తుంది? ఎవరికీ కనబడని చోటికి. అద్దాలూ కిటికీలూ లేని చోటికి.

మెట్ల కింద పాతచాపలు, విరిగిన బొమ్మలు పడేసే చిన్న కొట్టుగది ఉంది. దాని తలుపు కాస్త తెరిచి ఉంది. చుట్టిన చాపల మధ్య నుంచి ఒక చిన్న మడమ కనిపించింది.

గట్టిగా పిలవాలనిపించింది. లోపలికి దూకి ఎత్తుకోవాలనిపించింది. హాలు వైపు తిరిగి, "ఉందండీ! ఉంది! ఒక్క నిమిషం, ఎవరూ రాకండి!" అని మాత్రం కేకేసి, గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకుంది. ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు.

"నేనిక్కడ గుమ్మంలో కూర్చున్నాను," అంది. "నా కాళ్లింకా వణుకుతున్నాయి. అద్దంలో మొహం చూసి నాకు ప్రాణం పోయినంత పనైంది. నువ్వు పరిగెత్తావు. నేను పరిగెత్తలేక కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. నువ్వే నయం."

చాపలు కదలలేదు. పైన మెట్ల మీద ఎవరో దిగి వెళ్లారు. వాన హోరు. గువ్వ ఇంకేమీ అనకుండా ఆగింది. ఆగడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది ఆమెకి.

"అది దెయ్యమా?"

చాలా సన్నని గొంతు. గువ్వతో ఆ పాప మాట్లాడిన మొదటి మాట.

"కాదు. మనిషే. అద్దం వెనక గదిలో కూర్చుంటాడు."

"ఎప్పుడూనా?"

"మనం వచ్చినప్పుడల్లా."

"నాకు తెలుసు. లోపల ఏదో కదుల్తుంది. అమ్మమ్మకి కూడా చెప్పలేదు."

గువ్వ కళ్లు చెమర్చాయి. ఇన్ని వారాలూ ఈ పిల్ల ఆ అద్దం ముందు ఒంటరిగా భయపడుతూ, అయినా వచ్చి కూర్చుంది.

"నీకు సరిగ్గానే కనిపించింది. తప్పు నాది. మొదటిరోజే నీకు చూపించాల్సింది."

"ఎందుకు చూపించలేదు?"

"భయమేసింది. నిన్ను కదిలిస్తే ఏడుస్తావేమోనని."

"నేనేం ఏడవను," అంది పాప. చాపల మధ్య నుంచి దుమ్ము కొట్టుకుపోయిన మొహం ఒకటి బయటికొచ్చింది. వచ్చి గువ్వ చున్నీ కొస పట్టుకుంది.

ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి రేడియో ఎదురొచ్చాడు. ఒంటి మీద పొడిగా ఉన్న నూలుపోగు లేదు. కళ్లద్దాలకి ఆవిరి పట్టింది. పాపని చూడగానే మెట్టు మీద కూలబడ్డాడు.

పాప గువ్వ వెనకనుంచి తొంగి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"దెయ్యం తడిసిపోయింది," అంది.

అతను నవ్వబోయాడు. కళ్లద్దాలు తీసి తడిచొక్కాతోనే తుడుచుకున్నాడు.

అమ్మమ్మ పాపని గుండెకి అదుముకుని ఎంతసేపటికీ వదల్లేదు. వదిలాక గువ్వ వైపు తిరిగింది. జరిగింది జరిగినట్టు చెప్పింది గువ్వ. అద్దం సంగతి, చూపించాల్సింది చూపించకపోవడం, లైట్లు పోయినప్పుడు తాను కదల్లేకపోవడం. ఏదీ దాచలేదు.

"భయం పోగొడతారని తీసుకొస్తే, ఉన్నదానికి ఇంకోటి తగిలించారు కదమ్మా," అంది అమ్మమ్మ. మరో మాట లేకుండా పాపకి చెప్పులు తొడిగి, వాన వెలిసే దాకా కూడా ఆగకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మేడమ్ గదిలో ఇద్దరూ నిలబడ్డారు.

"తప్పు నాది మేడమ్," అంది గువ్వ. "ఆ గది చూపించాల్సింది నేను."

"కాదు మేడమ్. వచ్చేవారం చూద్దాం అన్నది నేను," అన్నాడు రేడియో.

"ఆ తర్వాత గుర్తున్నా వాయిదా వేసింది నేను."

"గుర్తు చేయకుండా ఊరుకుంది నేను."

"చాలు! ఇదేమైనా వేలంపాటా?" అన్నారు మేడమ్. "తప్పు ఇద్దరిదీ. చూపించారా లేదా అని ఒక్కసారి కూడా అడగని నాది కూడా. లైట్లు పోయినప్పుడు నువ్వు మాయమయ్యావమ్మాయ్. కాసేపటికి తిరిగొచ్చి, ఆ పిల్లతో మాట్లాడించావు. రెండూ గుర్తుపెట్టుకుంటాను. వాళ్లు వచ్చేవారం వస్తారో రారో చూద్దాం. మిగతాది తర్వాత."

ఆ వారమంతా గువ్వకి తిండి సహించలేదు. ఫోన్ మోగితే వాళ్లు రామని చెప్పడానికేనేమో అని హడలిపోయేది. పాప మళ్లీ నోరు మూసుకుందేమో, ఈసారి ఇంట్లో కూడా మూసుకుందేమో అన్న ఊహ ఆమెని నిలవనిచ్చేది కాదు. అక్క పక్కన కూర్చుని కాజాలు కుడుతూ, వేలికి సూది గుచ్చుకుని, "నన్ను ఆపేసినా ఫర్వాలేదక్కా. అది మాట్లాడితే చాలు," అంది.

అనుకున్న రోజు, అనుకున్న వేళ దాటిపోయింది. హాల్లో వాళ్లు లేరు. గువ్వ గుమ్మం వైపు చూడటం మానేసి గోడవైపు తిరిగింది.

"అక్కా!"

హాలు మొత్తానికీ వినిపించింది ఆ పిలుపు. గువ్వ వెనక్కి తిరిగింది. పాప. వెనకాల ఆయాసపడుతూ అమ్మమ్మ.

"ఇంక అక్కడికొద్దులే అన్నానమ్మా," అంది అమ్మమ్మ, చెమట తుడుచుకుంటూ. "ఇదేమో పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. బస్సు దొరక్క ఆలస్యమైంది గానీ..." పాప జుట్టు సవరించింది. "నిన్న బడిలో టీచరుతో 'బాత్రూమ్‌కి' అందట. ఆవిడ ఏడుపొక్కటే తక్కువ."

గువ్వకి ఏడుపు తక్కువ కాలేదు.

"ట్రైనింగ్ ఆపనులే. ముందు ఆ గది చూపించు," అన్నారు మేడమ్. ఆ రోజు ముందుగా అద్దం వెనక గదికే వెళ్లారు. అందులో ఇప్పుడు ఇంకో ట్రైనీ, ఒక బొద్దుగా ఉండే అమ్మాయి కూర్చుంది. పాప కుర్చీ కింద, బల్ల కింద అంతా చూసి, "ఆ దెయ్యం ఏది?" అని అడిగింది. అదే గువ్వకీ అడగాలనుంది.

సాయంత్రం బస్టాపులో కనిపించాడు. తుంపర పడుతోంది. ఆమెని చూడగానే జేబులో చెయ్యి పెట్టి ఫోన్ వెతుక్కున్నాడు.

"ఫోన్ తీశారంటే లాక్కుని నీళ్లలో పడేస్తాను," అంది గువ్వ. "ఒక్కటి చెప్పండి. నాతో మీవల్ల కావట్లేదని మేడమ్‌తో ఎందుకన్నారు? నాకంత చేతకాదా?"

అతను నోరు తెరిచాడు. మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఇంకో రోజైతే గువ్వ వెళ్లిపోయేది. ఇవాళ ఆగింది. బస్సు వచ్చింది, వెళ్లింది. ఆమె కదల్లేదు.

"కాసేపు అటు చూస్తారా?" అన్నాడు చివరికి.

"చూడను."

"మీరు చూస్తుంటే మాట రాదు నాకు. చిన్నప్పటినుంచీ అంతే. మనిషి ఎదురుగా ఉంటే..."

"రాకపోతే ఆగుతాను."

ఇంకో బస్సు వచ్చి బురద చిమ్మి వెళ్లింది. అతను చూపు కింద పెట్టి, మళ్లీ ఎత్తి, ఆమె కళ్లలోకే చూశాడు.

"అక్కడ కూర్చుని నేను పాపని చూడాలి. మిమ్మల్ని చూస్తున్నాను. మీరెలా చేస్తున్నారో నేనే మేడమ్‌కి చెప్పాలి. మనసుపడ్డ మనిషి గురించి ఆ మాట నేనెలా చెప్పను? అందుకే తప్పుకుంటానన్నాను. మీకు చేతకాక కాదు. దాచుకోవడం నాకు చేతకాక."

గువ్వ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, అతనికి వినిపిస్తుందేమోనని ఒక అడుగు వెనక్కి వేసింది.

"భయంగా ఉంది," అంది.

"నేనంటేనా?"

"కాదు. సరేనంటే ఏమవుతుందోనని."

"మరి వద్దంటే?"

గువ్వ తల దించుకుంది. "అది అంతకన్నా భయం."

వాన పెద్దదైంది. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

ఆదివారం అతను అక్క ఇంటికి వచ్చాడు. అక్క ఊఁ అంటే నాన్న ఊఁ అన్నట్టే. ఆ సంగతి తెలిసినవాడిలా, కుర్చీ చూపించినా కూర్చోలేదు. గువ్వ లోపలిగది తలుపు పట్టుకుని నిలబడింది. ఊపిరి పీలుస్తోందో లేదో ఆమెకే తెలియదు.

అక్క మిషన్ ఆపి, మెడలో టేపుతో లేచి వచ్చి, అతని చుట్టూ కొలతలు తీసేటట్టు ఒకసారి తిరిగింది.

"మా పిల్ల సంగతి తెలుసుగా? నీడని చూసినా ఉలిక్కిపడుతుంది. నువ్వేమో నిలబడ్డచోటే వణుకుతున్నావు. రేపు మీ ఇంట్లోకి బొద్దింక వస్తే ఎవరు కొడతారు?"

గువ్వ కళ్లు మూసుకుంది. అతనికి మాట పెగలదు. ఇక్కడితో అయిపోయింది.

అతను గువ్వ వైపు చూశాడు. తర్వాత అక్క వైపు.

"మీరే వచ్చి కొట్టాలి, వదినా."

మిషన్ మీది గుడ్డ జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"వదినా?" అంది అక్క. నడుం మీద చెయ్యి వేసుకుని చెల్లెలి వైపు తిరిగింది. "అప్పుడే వరస కలిపేశాడే! ఇతనికా మాట రాదన్నావు?" మొహం గంభీరంగా పెట్టడానికి చాలా ప్రయత్నించింది గానీ, నవ్వు పెదాల మీద ఆగలేదు. కుర్చీని కాలితో అతని ముందుకు తోసింది.

"కూర్చో మరిదీ. నిలబడితే పడిపోయేలా ఉన్నావు."